అక్వేరియం టిప్స్: తెచ్చిన వారానికే చేపలు చనిపోతున్నాయా? రంగు చూసి కొనకండి.. ముందు మీ ఇంటి నీళ్లు చూడండి!

ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని షాపుకెళ్తారు. రెండడుగుల ట్యాంక్, నాలుగు పచ్చటి మొక్కలు, రెండు గోల్డ్ ఫిష్, రెండు ఏంజెల్ ఫిష్, ఆరు నియాన్ టెట్రాలు, అడుగున తిరగడానికి ఓ సక్కర్ ఫిష్ తెచ్చుకుంటారు. మొదటి రెండు రోజులు ఇల్లంతా ఆ గాజు తొట్టి ముందే! వారం తిరిగేసరికి ఒక్కో చేప తేలిపోతుంది. మొక్కలు మోడుల్లా మిగులుతాయి. పిల్లలు ఏడుస్తారు.. పెద్దవాళ్లు "మన ఇంటికి చేపలు అచ్చిరావు" అని తేల్చేస్తారు. ట్యాంక్ మేడ మీదకు చేరుతుంది.

ఇందులో అచ్చిరాకపోవడమంటూ ఏమీ లేదు. కలిసి బతకలేని చేపల్ని ఒకే నీళ్లలో వేయడమే అసలు సమస్య. మరి మొక్కలున్న అక్వేరియంలో ఏ చేపలు కలిసి ఉంటాయి? ఎలా ఎంచుకోవాలి? ఇప్పుడు తెలుసుకుందాం.

ఆ జాబితాలో తప్పేంటి?

చేపలు కలుస్తాయంటే ఒకదాన్నొకటి తినకపోవడం ఒక్కటే కాదు. వాటికి ఒకే రకం నీళ్లు, ఒకే వేడి సరిపడాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

గోల్డ్ ఫిష్‌కు చల్లటి నీళ్లు కావాలి. అది వదిలే వ్యర్థం ఎక్కువ, పైగా లేత మొక్కల్ని నమిలేస్తుంది. ఏంజెల్ ఫిష్ కొన్నప్పుడు రూపాయి బిళ్లంతే ఉంటుంది. పెరిగితే అరచేతి అంత అవుతుంది. నోట్లో పట్టే చేప ఏదైనా దానికి మేతే.. అందుకే రాత్రికి రాత్రి నియాన్ టెట్రాలు మాయమవుతుంటాయి. ఇక "ట్యాంక్ క్లీన్ చేస్తుంది" అని అమ్మే సక్కర్ ఫిష్ అడుగు దాటి పెరుగుతుంది. అది శుభ్రం చేసేదాని కంటే వదిలే చెత్తే ఎక్కువ.

ముందు మీ ఇంటి నీళ్లు చూడండి

బకెట్ అడుగున, కుళాయి మూతి దగ్గర తెల్లటి పొర కడుతోందా? సబ్బు సరిగా నురగ రావడం లేదా? అయితే మీవి గట్టి నీళ్లు. అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లన్నమాట. బోరు నీళ్లు వాడే చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. షాపుల్లో దొరికే టెస్ట్ కిట్‌తో కచ్చితంగా కూడా తెలుసుకోవచ్చు.

గప్పీ, ప్లాటీ, మోలీ చేపలకు ఈ గట్టి నీళ్లే ఇష్టం. అమెజాన్ ప్రాంతానికి చెందిన నియాన్, కార్డినల్ టెట్రాలకు మాత్రం మెత్తటి నీళ్లు కావాలి.

మున్సిపల్ నీళ్లయితే అందులో క్లోరిన్ ఉంటుంది. నేరుగా పోస్తే చేపల మొప్పలు దెబ్బతింటాయి. క్లోరిన్ పోగొట్టే చుక్కల మందు కలిపాకే ట్యాంక్‌లో పోయాలి. కొందరు మంచిదని పూర్తిగా ఆర్వో నీళ్లే నింపేస్తారు. అది కూడా తప్పే.. అందులో చేపలకు, మొక్కలకు కావాల్సిన ఖనిజాలు దాదాపు ఉండవు. గట్టి నీళ్లను కాస్త మెత్తబరచాలంటే కొంత ఆర్వో నీరు కలుపుకోవచ్చు.

రెండడుగుల ట్యాంక్‌కు రెండు కాంబినేషన్లు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంక్‌లో సుమారు 55 లీటర్లు పడతాయి. ఇసుక, రాళ్లు, మొక్కలు పోను మిగిలేది 45 లీటర్ల చిల్లర. అందుకే పెద్దగా పెరగని చేపల్నే తీసుకోవాలి. పైన, మధ్యలో, అడుగున.. ఇలా మూడు అంతస్తుల్లో తిరిగేవి ఎంచుకుంటే ట్యాంక్ నిండుగా కనిపిస్తుంది, చేపల మధ్య గొడవ కూడా తగ్గుతుంది.

గట్టి నీళ్లయితే: ఆరు గప్పీలు, నాలుగు ప్లాటీలు, అడుగున పది చెర్రీ రొయ్యలు. గప్పీలు, ప్లాటీలు రెండూ మగవే తీసుకోవడం మంచిది. ఆడవి కలిస్తే దాదాపు నెలకోసారి పిల్లలు పెట్టి ట్యాంక్ కిక్కిరిసిపోతుంది. మొక్కల్లో వాలిస్నేరియా ఈ నీళ్లలో బాగా పెరుగుతుంది.

మెత్తటి నీళ్లయితే: ఎనిమిది కార్డినల్ టెట్రాలు, రెండు హనీ గౌరామీలు, అడుగున ఆరు స్టెర్బై కోరిడోరస్ చేపలు. నియాన్ కంటే కార్డినల్ టెట్రా కాస్త ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. స్టెర్బై రకం కూడా అంతే. కోరిడోరస్‌లు మీసాలతో అడుగంతా వెతుక్కుంటాయి కాబట్టి గరుకు రాళ్లు వద్దు, మెత్తటి ఇసుక వేయాలి. మునిగే గుళికల మేత విడిగా పెట్టాలి. పై చేపలు వదిలేసింది తిని బతుకుతాయిలే అనుకుంటే అవి పస్తులుండాల్సిందే!

ఇక టెట్రా, కోరిడోరస్ లాంటివి గుంపు చేపలు. ఒకటో రెండో తెస్తే భయంతో మూల దాక్కుంటాయి, రంగు వెలిసిపోతుంది. కనీసం ఆరు ఉండాలి. పది రకాలు ఒక్కోటి తెచ్చే బదులు, రెండు మూడు రకాలే గుంపుగా తెస్తే ట్యాంక్ కళే వేరు.

వీటిని అస్సలు కలపొద్దు

* టైగర్ బార్బ్ - గప్పీ, ఏంజెల్, ఫైటర్: పొడవాటి రెక్కలు కనిపిస్తే టైగర్ బార్బ్ కొరికేస్తుంది.
* రెండు మగ ఫైటర్లు: ఒకటి చచ్చేదాకా కొట్టుకుంటాయి.
* మగ ఫైటర్ - గప్పీ: గప్పీ తోక రంగు చూసి ఇంకో ఫైటర్ అనుకుని మీద పడే ప్రమాదం ఉంది.
* ఆస్కార్ - చిన్న చేపలు: చేపల్ని మింగేస్తుంది, మొక్కల్ని పీకేస్తుంది.

ట్యాంక్ పెట్టిన రోజే చేపలు వద్దు

చేపల వ్యర్థం నుంచి అమ్మోనియా వస్తుంది. అది చేపలకు విషం. ఫిల్టర్‌లో, ఇసుకలో పెరిగే మంచి బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ నైట్రేట్‌ను మొక్కలు ఎరువులా వాడుకుంటాయి. ఈ బ్యాక్టీరియా తయారవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. కొత్త ట్యాంక్‌లో చేపలు వారంలోనే చనిపోవడానికి పెద్ద కారణం ఇదే.

అందుకే ముందు మొక్కలు నాటి, ఫిల్టర్ ఆన్ చేసి, చిటికెడు మేత వేస్తూ ఆగాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక గప్పీల్లాంటి గట్టి చేపల్ని నాలుగైదు వదలాలి. రెండు వారాలు గడిచాక మిగతావి. టెట్రాలు సున్నితం కాబట్టి వాటిని చివర్లో తేవాలి.

మొక్కల విషయానికొస్తే, కొత్తవారికి అనూబియాస్, జావా ఫెర్న్ సులువు. వీటి దుంపను ఇసుకలో పూడ్చకూడదు, కుళ్లిపోతుంది. చెక్కకో రాయికో దారంతో కట్టాలి. లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు. అంతకుమించితే నాచు పట్టేస్తుంది.

ఎండాకాలం జాగ్రత్త

వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. పైగా రాత్రిళ్లు మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే ఊపిరి ఆడట్లేదని అర్థం. మే నెలలో రాత్రంతా ఎయిర్ పంప్ నడపండి. నీటి మీదకు గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెట్టినా వేడి తగ్గుతుంది. ఐస్ గడ్డలు మాత్రం వేయొద్దు.. ఒక్కసారిగా వేడి మారితే చేపలు తట్టుకోలేవు.

పెంచలేకపోతే చెరువులో వదలొద్దు

పెద్దదైపోయిందని సక్కర్ ఫిష్‌ను చెరువులో, కాలువలో వదిలేసేవాళ్లున్నారు. తెలుగు రాష్ట్రాల్లో 'డెవిల్ ఫిష్' అంటూ వార్తల్లోకెక్కిన చేప ఇదే. వలలు చింపుతూ, పెంచే చేపల మేత తినేస్తూ రైతులకు, మత్స్యకారులకు నష్టం తెస్తోంది. పెంచడం కుదరకపోతే కొన్న షాపులోనో, పెద్ద ట్యాంక్ ఉన్నవారికో ఇచ్చేయాలి.

షాపుకెళ్లే ముందు మూడే ప్రశ్నలు వేసుకోండి. మా నీళ్లు ఎలాంటివి? ఈ చేప ఎంత పెరుగుతుంది? పక్క చేపను, మొక్కను బతకనిస్తుందా? మూడింటికీ జవాబు దొరికాకే డబ్బులు తీయండి. ఈసారి పిల్లలు పేరు పెట్టుకున్న చేప వచ్చే ఏడాది కూడా ఆ మొక్కల మధ్యే తిరుగుతూ కనిపిస్తుంది.