యాఖూబ్ కన్నీరు, స్రెబ్రెనీత్సా తల్లుల నిరీక్షణ



సమస్త ప్రశంసలూ అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై శాంతి, శుభాలు కురియుగాక!

ఆప్తులను పోగొట్టుకున్న ఇంటికి పరామర్శకు వెళ్ళినప్పుడు మనం సాధారణంగా ఒక్క మాట చెప్పి లేచి వస్తాము: సహనం వహించండి. మాట మంచిదే. కాని ‘ఏడవకండి, అడగకండి, మరచిపోండి’ అని అది అవతలివారికి వినబడుతున్నదేమోనని ఆలోచించము. సహనానికి, ఆశకు ధర్మం ఇచ్చిన అర్థం అది కాదు.

హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) గాథను గుర్తు చేసుకుందాము. కుమారుడు యూసుఫ్ దూరమైనప్పుడు ఆయన చక్కని సహనాన్ని, అంటే సబ్రె జమీల్‌ను ఆశ్రయించారు. అయినప్పటికీ దుఃఖంతో ఆయన కన్నులు తెల్లబడిపోయాయని దివ్య ఖుర్ఆన్ తెలుపుతున్నది. అంతటి సహనశీలి అంతగా విలపించారు. తన మొరను అల్లాహ్‌కే విన్నవించుకున్నారు. ఆపైన ఆయన చేసిన పని మీద మనం కాస్త ఆగాలి. ఏళ్ళు గడచిన తరువాత కూడా కుమారులను పిలిచి, వెళ్ళి యూసుఫ్‌ను, అతని సోదరుణ్ణి వెదకమన్నారు. అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దన్నారు. ఆశను బోధించిన నోటితోనే వెదకమని ఆజ్ఞాపించారు. చేతులు ముడుచుకుని కూర్చోవడాన్ని ఆయన ఆశ అనలేదు.

ఈ గాథను మన కాలంలో అనుభవించినవారు బోస్నియాలోని స్రెబ్రెనీత్సా పట్టణపు స్త్రీలు. 1992లో మొదలైన యుద్ధంలో చుట్టుపక్కల గ్రామాల నుండి తరిమివేయబడిన ముస్లింలు వేలాదిగా ఆ చిన్న పట్టణంలో తలదాచుకున్నారు. 1993 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి దానిని సురక్షిత ప్రాంతంగా ప్రకటించింది. 1995 జులై 11న బోస్నియన్ సెర్బు సైన్యం దానిని ఆక్రమించింది. కాపలాకు ఉన్న డచ్చి సైనికులు అడ్డుకోలేదు. పొటొచారి అనే చోట పురుషులను, బాలురను కుటుంబాల నుండి వేరుచేశారు. స్త్రీలను, పసిపిల్లలను బస్సులు ఎక్కించి పంపివేశారు. అడవుల గుండా తుజ్లా వైపు కాలినడకన బయలుదేరిన వేలమందిలో ఎందరో దారిలోనే పట్టుబడి హతులయ్యారు. కొద్ది రోజులలో ఎనిమిది వేలకు పైగా పురుషులు, బాలురు చంపబడ్డారు.

నేరం అంతటితో ఆగలేదు. సామూహిక గోతులలో పూడ్చిన దేహాలను కొన్ని నెలల తరువాత యంత్రాలతో తవ్వి, వేరే చోట్లకు తరలించి మళ్ళీ పూడ్చారు. ఆ తవ్వకంలో దేహాలు ఛిద్రమై, ఒకే మనిషి ఎముకలు మైళ్ళ దూరంలోని వేర్వేరు గోతులలో దొరికాయి. తల్లికి బిడ్డ ఖబర్ కూడా మిగలకూడదన్నట్లుగా సాగిన పని అది.

యూసుఫ్ గాథలో చొక్కాకు ఉన్న స్థానం మనకు తెలుసు. అబద్ధపు రక్తం పూసిన చొక్కా తండ్రికి శోకాన్ని తెచ్చింది. మరొక చొక్కా ఆయనకు చూపును తిరిగి ఇచ్చింది. గోతులలో దొరికిన దుస్తుల, వస్తువుల ఛాయాచిత్రాలను పుస్తకంగా కూర్చి స్రెబ్రెనీత్సా కుటుంబాల ముందు ఉంచారు. తాము అల్లిన స్వెట్టరు, తాము వేసిన మాసిక కనబడుతుందేమోనని తల్లులు ఒక్కొక్క పుట తిప్పారు. ఆ తరువాత రక్తనమూనాలు ఇచ్చారు. 2001 నుండి డీఎన్ఏ పరీక్షల ద్వారా గుర్తింపు ఊపందుకుని, నేటికి దాదాపు ఏడువేల మంది పేర్లు తెలిశాయి. వెదకమన్న యాఖూబ్ (అలైహిస్సలాం) ఆజ్ఞను వారు ఈ విధంగా పాటించారనే మేము భావిస్తున్నాము.

హతీజా మెహ్మెదోవిచ్ అనే తల్లి ఇద్దరు కుమారులను, భర్తను కోల్పోయారు. (హతీజా అంటే మన ఖదీజాయే, బోస్నియా ప్రజల ఉచ్చారణ అది.) యుద్ధానంతరం ఆమె స్రెబ్రెనీత్సాకే తిరిగి వచ్చి తన ఇంటిలో ఒంటరిగా నివసించారు. తనవంటి తల్లులను కూడగట్టి, దోషులకు శిక్ష పడాలని చివరివరకు పోరాడారు. భర్తను, కుమారులను 2010లో, అంటే పదిహేనేళ్ళ తరువాత, పొటొచారిలో ఖననం చేసుకోగలిగారు. 2018లో మరణించారు. అంతకు ముందు సంవత్సరమే సైన్యాధిపతి రాట్కో మ్లాదిచ్‌కు హేగ్ న్యాయస్థానం యావజ్జీవ శిక్ష విధించింది.

న్యాయం అడగడం సహనానికి విరుద్ధమని కొందరు అనుకుంటారు. ఉహద్ యుద్ధం తరువాత హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజియల్లాహు అన్హు) భార్య తన ఇద్దరు కుమార్తెలను వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) వద్దకు వచ్చారు. వీరి తండ్రి మీతోపాటు పోరాడి షహీద్ అయ్యారనీ, పినతండ్రి ఆస్తినంతా తీసుకున్నాడనీ విన్నవించారు. సహనం వహించమని ఆమెను తిప్పి పంపలేదు. వారసత్వపు ఆయతులు అవతరించాయి. కుమార్తెలకు మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదవ వంతు ఇమ్మని ఆ పినతండ్రికి ఆదేశం వెళ్ళింది. వితంతువు ఫిర్యాదుకు ధర్మం ఇచ్చిన గౌరవం ఇది.

జాడ తెలియని భర్త గల స్త్రీ కష్టాన్ని కూడా మన పూర్వీకులు ఎరుగుదురు. ఆమె నాలుగేళ్ళు ఎదురుచూసి, ఆపైన వితంతువు ఇద్దత్ అయిన నాలుగు నెలల పది రోజులు గడిపిన తరువాత వివాహం చేసుకోవచ్చునని హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) తీర్పు ఇచ్చారు. ఇతర ధర్మవేత్తల అభిప్రాయాలు వేరుగా ఉన్నాయి. అవసరమైనవారు ఆలిములను సంప్రదించాలి. ఎదురుచూపు ఒక స్త్రీ జీవితాన్ని పూర్తిగా మింగివేయరాదన్న కరుణ మాత్రం ఆ తీర్పులో కనబడుతుంది.

కోవిడ్ రోజులలో మనలోనూ కొందరు తండ్రి ముఖం చివరిసారి చూడలేకపోయారు, జనాజా మోయలేకపోయారు. అది యుద్ధం కాదు, హింస కాదు. రెంటినీ సమానం చేయడం లేదు. కాని వీడ్కోలు చెప్పలేకపోయిన దుఃఖం ఎంతకాలం నిలుస్తుందో ఆ కుటుంబాలను అడిగితే తెలుస్తుంది. అటువంటి ఇంటికి రెండవసారి, మూడవసారి వెళ్ళినవారు మనలో ఎందరు?

పొటొచారిలో ప్రతి ఏటా జులై 11న కొత్తగా గుర్తించినవారికి జనాజా నమాజ్ చేస్తారు. కొన్ని ఎముకలే దొరికినప్పుడు ఇప్పుడే ఖననం చేయాలా, మిగిలినవి దొరికేదాకా ఆగాలా అన్నది కుటుంబమే నిర్ణయించుకోవాలి. 2003లో మొదటిసారి ఆరువందల మందిని అక్కడ ఖననం చేశారు. 2025లో, ముప్పై ఏళ్ళు నిండిన నాడు, పచ్చని వస్త్రం కప్పిన ఏడు పేటికలు వచ్చాయి. ఇంకా దాదాపు వేయిమంది జాడ తెలియవలసి ఉంది.

ఓ అల్లాహ్! ఆ మృతులను మన్నించు. వెదకుతున్న వారి వెదకులాటను సఫలం చేయి. కన్నులు తెల్లబడిన వారికి చూపును ప్రసాదించు. ఆమీన్.