రైళ్లకు లారీలు సొంతముగా నుండవలెనా?

రైలు ఎంత దూరమైనను పోగలదు గాని తోటగట్టునకు రాజాలదు, వర్తకుని కొట్టు గుమ్మమునకు పోజాలదు. 2020 సెప్టెంబరులో అనంతపురము పండ్లు కిసాన్ రైలులో ఢిల్లీకి పోయినప్పుడును తోటనుండి స్టేషనువరకు రోడ్డే శరణ్యమైనది. సరకు రవాణాకు రైలును లారీయు కలిసి పనిచేయవలెననుటలో వివాదము లేదు. ఆ లారీలను రైల్వేలే సొంతముగా నడపవలెనా యనునదే ప్రశ్నము.

నడపవలెననువారి వాదము త్రోసివేయదగినది కాదు. యజమాని యొక్కడైనచో కిరాయి యొక్కటి, రసీదు ఒక్కటి, సరకు చెడినచో బాధ్యుడును ఒక్కడే. ప్రయాణికుల విషయమున నిజాము రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో ఈ మార్గమునే త్రొక్కినది. 1951లో ఆ శాఖ రైల్వేనుండి విడివడి హైదరాబాదు ప్రభుత్వము క్రిందికి వచ్చినది.

సరకుల విషయమున అమెరికా అనుభవము గమనింపదగినది. రైల్వేలు మోటారు రవాణాను మ్రింగివేయునను భయముతో 1935 నాటి చట్టము వాని చేతులు కట్టినది. 1980 తరువాత ఆ కట్లు సడలగా, 1985లో నార్ఫోక్ సదరన్ రైల్వే నార్త్ అమెరికన్ వాన్ లైన్స్‌ను, 1986లో యూనియన్ పసిఫిక్ రైల్వే ఓవర్‌నైట్ అను లారీ సంస్థను కొన్నవి. రెండవదాని వెల ఇంచుమించు 120 కోట్ల డాలర్లు. కాని మొదటిదానిని 1998లోను, రెండవదానిని 2003లోను వదలుకొన్నవి. ఓవర్‌నైట్ చిల్లర సరకులను పోగుచేసి, తన గిడ్డంగులనుండి రోడ్డుమీదనే పంచు సంస్థ. యజమాని మారినంత మాత్రమున సరకు త్రోవ మారదు గదా!

ఇందుకు భిన్నముగా 1989లో సాంటా ఫే రైల్వే, జె.బి. హంట్ అను లారీ సంస్థతో ఒడంబడిక చేసికొన్నది. ఎవరి ఆస్తి వారిదే. దూరపు ప్రయాణము రైలుది, రెండు కొనలును లారీవి. ఆ పొత్తు సాంటా ఫే వారసురాలైన బి.ఎన్.ఎస్.ఎఫ్. రైల్వేతో నేటికిని సాగుచున్నది.

దీనినిబట్టి తేలునదేమి? కొరత యాజమాన్యమున లేదు, అతుకున నున్నది. సరకును లారీనుండి రైలునకు, మరల రైలునుండి లారీకి మార్చుటకగు వ్యయమును జాప్యమును స్వల్పదూరమున రైలువలని లాభమును హరించును. దూరము పెరిగినకొలది ఆ భారము తేలికయగును. కావున మూలధనమును లారీలమీదగాక యార్డులమీదను, క్రేనులమీదను, కంటెయినర్లమీదను వెచ్చించుట యుక్తము. మనదేశమున ఇందుకు పునాది లేకపోలేదు. 1988లో కంటెయినర్ కార్పొరేషను ఏర్పడినది. 2006 తరువాత ప్రైవేటు సంస్థలకును కంటెయినర్ రైళ్లు నడుపు అవకాశము కలిగినది.

వేరొక ప్రమాదమును కలదు. అమెరికాలో పెద్ద సరకు రైల్వేలు కంపెనీలవి, ఇచ్చట ప్రభుత్వమువి. యార్డును రైల్వేదే, లారీయు రైల్వేదే యైనచో, ఒకటి రెండు లారీలతో బ్రతుకు చిన్న యజమానికి ఆ యార్డులో సమానస్థానము దొరకునా? పోటీ నశించిన పిమ్మట రైతు చెల్లింపవలసిన కిరాయిని నిర్ణయించునది ఎవరు?

రైల్వే యార్డులు లారీ యజమానులందరికిని సమానముగా తెరచియుండవలెను. ఒడంబడికద్వారా తోటనుండి బజారువరకు ఒక్క రసీదు, ఒక్క బాధ్యత ఏర్పడవలెను. లారీ ఎవరిదైనను రైతునకు పట్టింపు లేదు; స్టేషనులో పండు కుళ్లినప్పుడు ఎవరిని అడుగవలెనో తెలియుటయే అతనికి కావలసినది.