లాక్‌డౌన్ మీద కోపం: అపోహలు – వాస్తవాలు

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో మాట్లాడారు. అర్ధరాత్రి నుంచి దేశమంతా మూతపడింది. సర్దుకోవడానికి జనానికి దొరికింది నాలుగు గంటలు. ఏప్రిల్ 14 దాకా అన్నది మే 3కి, మే 17కి, మే 31కి జరుగుతూ పోయింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ రోజుల మాట వస్తే వాదన మొదలవుతుంది. అంతా దండగ పని అని ఒకరు, జనం నియమాలు పాటించి ఉంటే ఇంత జరిగేది కాదని ఇంకొకరు. జనం కోపం న్యాయమైనదేనని నా నమ్మకం. కాకపోతే అది చాలాసార్లు తగలాల్సిన చోట తగల్లేదు. అందుకు కారణమైన అపోహలను తొలగించుకోకపోతే రేపు మరో మహమ్మారి వచ్చినప్పుడు మళ్లీ ఇవే తప్పులు చేస్తాం.

అపోహ: లాక్‌డౌన్ పెట్టినా కేసులు పెరిగాయి కాబట్టి అది వృథా.

ఈ అపోహకు మూలం మొదట్లో జనానికి కల్పించిన ఆశలోనే ఉంది. మార్చి 22న జనతా కర్ఫ్యూకి ముందు వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఊరూరా తిరిగింది. వైరస్ 12 గంటలే బతుకుతుందని, 14 గంటలు ఎవరూ బయటికి రాకపోతే గొలుసు తెగిపోతుందని దాని సారాంశం. కానీ వైరస్ అసలు స్థావరం మనిషి శరీరం. అక్కడ రోజుల తరబడి ఉంటుంది, తలుపులు మూసుకున్న ఇంట్లో కూడా ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ఆ తర్వాత, మహాభారత యుద్ధం 18 రోజుల్లో ముగిసింది, ఈ యుద్ధానికి 21 రోజులు అని ప్రధాని వారణాసి ప్రజలతో అన్నప్పుడు చాలామంది దాన్ని గడువు అనుకున్నారు. గడువు దాటాక కూడా వైరస్ పోకపోయేసరికి మోసపోయామనుకున్నారు.

లాక్‌డౌన్ చేయగలిగింది వేగం తగ్గించడమే. కేసులు రెట్టింపు కావడానికి అంతకుముందు 3.4 రోజులు పట్టేదని, ఏప్రిల్ 20 నాటికి అది 7.5 రోజులైందని కేంద్ర ఆరోగ్య శాఖ లెక్క చెప్పింది. ఆ వ్యవధిలో ల్యాబ్‌లు పెరిగాయి, పీపీఈ కిట్ల తయారీ మన దగ్గర ఊపందుకుంది, హైదరాబాద్‌లో గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కోవిడ్ రోగులకే కేటాయించారు. మొదటి వేవ్‌లో రోజువారీ కేసులు 97 వేలు దాటింది సెప్టెంబర్ మధ్యలో. అదే ఏప్రిల్‌లో వచ్చి ఉంటే మన ఆసుపత్రులు మోయగలిగేవి కావు. అలాగని లాక్‌డౌన్ వల్లే ఇన్ని ప్రాణాలు దక్కాయని ఎవరైనా అంకె చెబితే దాన్నీ అంచనాగానే చూడాలి. మాస్కులు, పరీక్షలు, భయంతో జనం తమంతట తాము తీసుకున్న జాగ్రత్తలు అన్నీ కలిసి పనిచేశాయి.

అపోహ: జనానికి క్రమశిక్షణ లేదు, అందుకే వ్యాపించింది.

అన్నిటికంటే అన్యాయమైన మాట ఇది. ఎందుకంటే నియమం తప్పినట్టు కనిపించిన పెద్ద పెద్ద గుంపులు ఏర్పడడానికి కారణం ఆ నియమాలు చేసిన తీరే.

లాక్‌డౌన్ మొదటి రోజు, మార్చి 25 సంగతే చూడండి. హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. మెస్ మూస్తే విద్యార్థి, చిరుద్యోగి ఏం తినాలి? పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. ప్రయాణానికి అభ్యంతరం లేదంటూ పోలీసులే ఎన్‌వోసీలు రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని బైకుల మీద, కార్లలో బయల్దేరిన వాళ్లను అప్పటి కృష్ణా జిల్లాలోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రప్రదేశ్ అధికారులు ఆపేశారు. రావాలంటే 14 రోజుల క్వారంటైన్ అన్నారు. ఒక ప్రభుత్వం వెళ్లమంది, ఇంకో ప్రభుత్వం రావద్దంది. మధ్యలో ఆ పిల్లలు రోడ్డు మీద గుంపుగా నిలబడ్డారు. టీవీల్లో ఆ దృశ్యం చూసి చాలామంది వాళ్లనే తిట్టారు.

వలస కూలీలదీ అంతే. తెలంగాణలో తెల్లరేషన్ కార్డు ఉన్న కుటుంబంలో మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ప్రకటించారు. వలస కూలీలకు కూడా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు అన్నారు. మంచి నిర్ణయమే. కానీ కూలి ఆగిపోయి, ఇంటి మీద బెంగ పట్టుకున్న మనిషిని అది ఎన్నాళ్లు ఆపగలదు? ములుగు జిల్లా మిరప చేలలో కూలికి వచ్చిన 12 ఏళ్ల పాప ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి అడవి దారిన నడుస్తూ ఏప్రిల్ 18న చనిపోయింది. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న కార్మికులు ఏప్రిల్ 29న జీతాల కోసం, ఇంటికి పంపమని ఆందోళనకు దిగారు. రెండు రోజులు తిరక్కముందే, మే 1 తెల్లవారుజామున, దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1,200 మందితో కదిలింది. మే 1న నడపగలిగిన రైలును ఏప్రిల్ మొదటి వారంలో, కేసులు ఇంకా తక్కువగా ఉన్నప్పుడు నడిపి ఉంటే ఎంతమంది నడక తప్పేది! గుజరాత్‌లోని వెరావల్ రేవులో చిక్కుకుపోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు కూడా ఏప్రిల్ చివరిదాకా పడవల్లోనే రోజులు గడిపారు, ఆ తర్వాతే బస్సులు వచ్చాయి. వీళ్లకు లేనిది క్రమశిక్షణ అనడం తప్పు, లేనిది దారి.

అపోహ: ముందు తెరిచినవి ప్రమాదం లేనివి, చివరిదాకా మూసినవి ప్రమాదకరమైనవి.

తెరిచిన వరుస చూస్తే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు మే 4న తెరిచారు. మొదట ధర 25 శాతం పెంచారు, మర్నాడే ఇంకో 50 శాతం. తెలంగాణలో 16 శాతం దాకా పెంచి మే 6న తెరిచారు. కిలోమీటర్ల కొద్దీ క్యూలు కట్టిన వాళ్లను అందరూ తప్పుపట్టారు కానీ, ఒకే రోజు ఒకే వేళకు తలుపులు తెరిచింది ప్రభుత్వాలే. జూన్ 8న గుళ్లు, మాల్స్, హోటళ్లు తెరుచుకున్నాయి. జూన్ 11 నుంచి తిరుమలలో సామాన్య భక్తులకు దర్శనం మొదలైంది. మరి బడి? తెలంగాణలో తొమ్మిదో తరగతి, ఆ పైవాళ్లకు 2021 ఫిబ్రవరి 1న తెరిచారు, మార్చి 24 నుంచి మళ్లీ మూసేశారు. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలు 2020 మార్చిలో ఇంటికి వెళ్లి మళ్లీ బడి గుమ్మం తొక్కింది 2021 సెప్టెంబర్ 1న. ఒకటో తరగతిలో చేరిన పిల్ల బడి మొహం చూడకుండానే రెండో తరగతికి వెళ్లింది. టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు వచ్చిన మాట నిజమే. ఇంట్లో ఒక్క ఫోనూ తండ్రితో పాటు పనికి పోయే కుటుంబాల్లో, కరెంటు పోయే తండాల్లో ఆ పాఠాలు ఎవరికి అందాయి? వరుసను నిర్ణయించింది రోగ ప్రమాదం ఒక్కటే కాదు. ఖజానాకు ఎంత వస్తుంది, ఎవరి గొంతు గట్టిగా వినిపిస్తుంది అన్నవి కూడా.

తెరిచాక పెట్టిన జాగ్రత్తల్లోనూ ఇలాంటి పొరపాటే జరిగింది. తలుపు దగ్గర శానిటైజర్, నుదుటికి గురిపెట్టే థర్మల్ గన్ చూసి లోపల క్షేమం అనుకున్నాం. జ్వరం లేకుండానే అంటించే రోగానికి థర్మల్ గన్ పెద్దగా పనికిరాదు. వస్తువుల్ని తాకడం వల్ల సోకే ప్రమాదం చాలా తక్కువని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో తేల్చింది. అసలు ప్రమాదం గాలి ఆడని గదుల్లో ఎక్కువసేపు కలిసి కూర్చోవడం. అలాంటప్పుడు నెలల తరబడి పార్కులు మూయడంలో అర్థం లేదు. కిటికీలు తెరిచి, చెట్టు కింద పాఠం చెప్పించి ఉండాల్సింది.

అపోహ: స్వీడన్ ఏమీ మూయకుండానే గట్టెక్కింది.

స్వీడన్ ఇళ్లకు తాళం వేయలేదు, అంతవరకే నిజం. 2020 మార్చిలోనే కాలేజీలు, విశ్వవిద్యాలయాలు ఆన్‌లైన్‌కు మారాయి, 50 మందికి మించి గుమిగూడడం నిషేధించారు. ఏప్రిల్ 1 నుంచి వృద్ధాశ్రమాల్లో సందర్శకుల్ని ఆపేశారు, నవంబర్‌లో గుంపుల పరిమితిని ఎనిమిదికి తగ్గించారు. అయినా 2020లో అక్కడి మరణాలు పక్కనున్న నార్వే, ఫిన్లాండ్, డెన్మార్క్‌లతో పోలిస్తే చాలా ఎక్కువ. వాళ్ల నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది: చిన్న పిల్లల బడులు మూయలేదు.

అపోహ: లాక్‌డౌన్‌లో బయట కనబడితే పోలీసులు కొట్టొచ్చు.

కొట్టే అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు. ఆంక్షలకు ఆధారం 2005 విపత్తు నిర్వహణ చట్టం, 1897 అంటువ్యాధుల చట్టం. ఉల్లంఘిస్తే విపత్తు చట్టం 51వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, జరిమానా లేదా రెండూ. అదీ కేసు పెట్టి, కోర్టులో రుజువు చేశాకే. గుంజీలు తీయించడం, లాఠీతో బాదడం శిక్షల జాబితాలో లేవు. ఇంటికి నడిచిపోయిన వలస కూలీల మీద ఆ సెక్షన్ కింద పెట్టిన కేసుల ఉపసంహరణను పరిశీలించాలని సుప్రీంకోర్టే 2020 జూన్ 9న రాష్ట్రాలకు చెప్పింది.

అపోహ: బ్యాంకు అప్పుల మీద ఇచ్చిన మారటోరియం అంటే ఆర్నెల్ల వడ్డీ మాఫీ.

కాదు. రిజర్వ్ బ్యాంక్ 2020 ఆగస్టు 31 దాకా ఇచ్చింది వాయిదా మాత్రమే, వడ్డీ నడుస్తూనే ఉంది. వడ్డీ మీద వడ్డీ వేయకూడదని 2021 మార్చి 23న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మామూలు వడ్డీ మాత్రం కట్టాల్సిందే.

అపోహ: రోగం రాకుండా రాష్ట్రం తన సరిహద్దును ఎలాగైనా మూసుకోవచ్చు.

2021 మేలో, ఆక్సిజన్ కోసం జనం అల్లాడుతున్న రోజుల్లో, హైదరాబాద్ ఆసుపత్రులకు వస్తున్న ఆంధ్రప్రదేశ్ రోగుల అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపారు. పడక ఖాయమైనట్టు ముందస్తు అనుమతి చూపించాలన్నారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వుల అమలును నిలిపివేసింది. వైద్యం కోసం వచ్చే మనిషిని ఏ రాష్ట్రం వాడివని అడగడం మన వ్యవస్థలో చెల్లదు.

ఈ గందరగోళానికి మూలం చట్టాల్లోనూ ఉంది: పైన చెప్పిన 1897 చట్టంలో గానీ, 2005 చట్టంలో గానీ లాక్‌డౌన్ అంటే ఏమిటో, ఎవరు ఎన్నాళ్లు పెట్టవచ్చో, మూసినప్పుడు కూలీకి, విద్యార్థికి, రోగికి ప్రభుత్వం ఏం బాకీ పడుతుందో ఎక్కడా రాసి లేదు. అంటువ్యాధుల చట్టాన్ని తగినట్టు సవరించాలని, లేదా సమగ్రమైన కొత్త చట్టం తేవాలని లా కమిషన్ 2024 ఫిబ్రవరిలో తన 286వ నివేదికలో కేంద్రానికి సిఫార్సు చేసింది. మీ ఎంపీ ఓటడగడానికి వచ్చినప్పుడు ఆ నివేదిక ఏమైందని అడగండి.