దారిలేని దారికి పనిముట్ల సంచి

ప్రయాణమునకు బయలుదేరువాడు మూటలో నేమేమి పెట్టుకొనవలయునో యని తలపోయుట సహజము. ఏమేమి విడిచిపెట్టవలయునో యని తలపోయువారు మిక్కిలి యరుదు. తారురోడ్డు విడిచి కాలువగట్లమీదను, కొండబాటలను, ఇసుకమేటలమీదను మోటారు సైకిలుపై పోవువారికి ఈ రెండవ యాలోచనయే ప్రధానము. పనిముట్లు తక్కువైనచో దారిలో నిలిచిపోవుదుము; ఎక్కువైనచో ఆ బరువే మనలను పడద్రోయును. ఈ రెంటికిని నడుమ నున్న మార్గమును నా యనుభవముననుసరించి చదువరులకు విన్నవింపబూనుచున్నాను.

మొదట మన నేల స్వభావమును తెలిసికొనవలెను. ఏల యనగా పనిముట్లను నిర్ణయించునది దుకాణము గాదు, నేలయే. విజయవాడకు వాయవ్యముననున్న కొండపల్లి కొండలలో బాటలు రాళ్లతో నిండియుండును. అచ్చట బండి యెగిరిపడుచు పోవుటచేత నట్టులు వదులగును. ప్రక్కకు పడినచో బ్రేకు పిడియో క్లచ్చి పిడియో విరుగును. తూర్పునకును దక్షిణమునకును దిగినచో నంతయు డెల్టా. 1855వ సంవత్సరమున కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది మొదలు, 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వెలసిన తరువాతను, ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవసు కాలువ మొదలగువాని గట్లు మనకు మట్టిబాటలైనవి. వేసవిలో నవి నున్నగా నుండును గాని, ఒక్క వాన పడినచో నల్లరేగడి బంకవలె చక్రమునకంటుకొని, మడ్‌గార్డు క్రింద గట్టిపడి, చక్రమును తిరుగనీయదు. ఇక దివిసీమలో హంసలదీవివైపు సముద్రతీరమునకు పోయినచో ఇసుకయు, ఉప్పుగాలియు, అన్నిటికి మించి సర్కారుతుమ్మ ముండ్లును ఎదురగును. ఒకే ప్రాంతములో రాయి, బురద, ముల్లు అను ముగ్గురు శత్రువులుండగా, ఒకే సంచి ముగ్గురికిని సమాధానము చెప్పవలసియున్నది.

ఈ విషయమును నేను పుస్తకములవలన గాక కష్టమువలన నేర్చుకొంటిని. దివిసీమలో కరకట్టకు దాపున నొక పల్లెలో మా మేనత్తగారు కాపురముండిరి. ఆమె మధుమేహరోగి. ఒక శ్రావణమాసమున నామెకు కావలసిన ఇన్సులిను మందు ఆ పల్లెలో దొరకకపోగా, మంచుగడ్డలు పెట్టిన డబ్బాలో దానినుంచుకొని నేను విజయవాడనుండి బయలుదేరితిని. నాకప్పుడు పనిముట్లన్న మహా వ్యామోహము. వెనుక కట్టిన పెట్టెలో ఆరు కిలోల యినుముండెను. సుత్తి యుండెను, రెండు తరగతుల పానాలుండెను, ఆకురాయి సయితముండెను. పల్లె ఇంకను పది కిలోమీటర్లున్నదనగా వెనుకచక్రమున ముల్లు దిగి గాలి పోయెను. నాయొద్ద క్రొత్త ట్యూబున్నది, పంపున్నది, టైరు లీవర్లున్నవి. కాని చక్రమును విప్పబోగా, ఇరుసునట్టు ఇరువదినాలుగు మిల్లీమీటర్లది; నా పెట్టెలోని పెద్ద పానా ఇరువదిరెండు! అంగట్లో అన్నీ ఉన్నవి, అల్లుని నోట శని యున్నదన్న సామెత నా యెడల నిజమాయెను.

డబ్బాలోని మంచు కరగుచుండెను. నడిచిపోదమన్న బండిని గట్టుమీద విడువవలెను. మూడు గంటల తరువాత నొక ట్రాక్టరు తోలువాడు వచ్చి, తనయొద్దనున్న స్క్రూ స్పానరుతో ఆ నట్టును ఒక్క నిమిషములో వదులుచేసెను. "ఇంత సామాను మోసుకొచ్చారు, మీ బండి నట్టేదో మీకు తెలియదా, మాస్టారూ?" అని యాతడు నవ్వుచు నన్నడిగెను. నాయొద్ద నుత్తరము లేకపోయెను. దీపాలు పెట్టిన వేళకు పల్లె చేరితిని. మందు చెడలేదు, అత్తగారికిని ఆపద రాలేదు. అయినను, గుమ్మములో కూర్చుండి నా దారి చూచుచున్న యామె ముఖమును తలచుకొన్నప్పుడెల్ల ఆ యొక్క పానా జ్ఞాపకమునకు వచ్చును.

కావున మొదటి సూత్రము: పనిముట్లను దుకాణములో గాక బండియొద్ద ఎన్నుకొనవలెను. ఒక సెలవుదినమున బండి చుట్టు తిరిగి, దారిలో విప్పవలసివచ్చు ప్రతి నట్టునకును పానా పెట్టి చూచి, దాని కొలతను కాగితముపై వ్రాసికొనుడు. ముందరి యిరుసు, వెనుక యిరుసు, చెయిను బిగింపు, పిడులు, అద్దము, బ్యాటరీ మూత, స్పార్కుప్లగ్గు - వీనికి సరిపోవునవి మాత్రమే సంచిలోనికి పోవలెను. సాధారణముగా ఎనిమిది, పది, పండ్రెండు, పదునాలుగు, పదునేడు కొలతల పానాలును, కొన్ని అలెన్ కీలును, ఇరుసునకు తగిన పెద్దపానాయు చాలును. ఏ నట్టునకును పట్టని పానా ఎంత మెరయుచున్నను అది బరువే గాని సాధనము గాదు.

రెండవది, చక్రము. దారిలో కలుగు ఆటంకములలో నెక్కువ పాలు పంక్చర్లే గనుక దీనిని కొంత విపులముగా చెప్పెదను. ట్యూబు లేని టైరైనచో పని సులభము, చక్రమును విప్పనక్కరలేదు. ముల్లును తీసి, ఆ రంధ్రమును ఆకురాయివంటి సూదితో గరుకుచేసి, జిగురు పూసిన రబ్బరుపట్టీని దూర్చి, మిగిలిన కొసను కోసి గాలి కొట్టిన చాలును. ఊచల చక్రములు గల బండ్లలో మాత్రము పెక్కింటికి ట్యూబుండును. అట్టివానికి రెండు టైరు లీవర్లు, ఒక ట్యూబు, అతుకులు, సొల్యూషను, గరుకుకాగితము, పంపు కావలయును. ట్యూబును మార్చుటకు ముందు టైరు లోపలిభాగమును గుడ్డతో మెల్లగా తడిమి ముల్లెచ్చట నున్నదో కనుగొని తీసివేయవలెను. ఇది మరచినవారు అర్ధగంటలో రెండవ పంక్చరు వేయుదురు. క్రొత్తట్యూబును లోపల పెట్టునపుడు దానికి కొంచెము గాలి కొట్టినచో అది మడతపడదు, లీవరు క్రింద నలుగదు. టైరు అంచు ఎక్కక మొరాయించినచో బలము చూపరాదు. ఎదుటివైపు అంచును చక్రము నడిమి పల్లములోనికి త్రొక్కినచో, ఇటువైపు అంచు దానంతటదియే వదులగును. అతుకు వేయునపుడు సొల్యూషను పూసి వెంటనే అంటింపక, అది కొంచెమారినపిమ్మట అంటింపవలెను.

పంపునకు వేరొక ప్రయోజనము కూడ కలదు. ఇసుకలో పోవునపుడు టైరులో గాలి కొంత తగ్గించినచో టైరు వెడల్పై ఇసుకలో దిగబడదు. మరల గట్టిరోడ్డెక్కునపుడు గాలి నింపకపోయినచో టైరు వేడెక్కి చెడును, రాళ్ల తాకిడికి చక్రపుటంచు వంగును. గాలి తీయుటకు చేతివ్రేలు చాలును. నింపుటకు పంపు వలయును.

మూడవది, చెయిను. ఇది తెగినచో ఇంజను మ్రోగుచునే యుండును గాని బండి కదలదు. బండి చెయినుకు సరిపోవు లాకు ఒకటి దాచుకొనుట మంచిది. చెయినులన్నియు నొకటి గావు: 428 అను చెయినుకు కీలునకు కీలునకు నడుమ దూరము 12.7 మిల్లీమీటర్లు, 520 అను దానికి 15.875 మిల్లీమీటర్లు. ఒకదాని లాకు మరియొకదానికి పట్టదు. లాకు క్లిప్పు మూసియున్న కొస, చెయిను పరుగిడు దిక్కునకు ఉండవలెను. తెరచియున్న కొస ముందుకున్నచో ఏ కంపకో తగిలి యూడిపోవును.

నాల్గవది చిల్లర సామానుల జాబితా. చూచుటకు చిన్నవియైనను దారిలో ప్రాణదాతలు: కటింగు ప్లేయరు, రెండువైపుల పనిచేయు స్క్రూడ్రైవరు, ఒక మూర ఇనుపతీగె, కరెంటు టేపు, పది ప్లాస్టికు బిగింపు పట్టీలు, రెండు ఫ్యూజులు, ఒక స్పార్కుప్లగ్గు, క్లచ్చి కేబులు, ఒక క్లచ్చి పిడి, నూనె కారు పగుళ్లను పూడ్చు మెత్తటి ముద్ద. క్లచ్చి కేబులును సంచిలో పెట్టుటకన్న పాతకేబులు ప్రక్కనే ముందుగా పరచి కట్టియుంచినచో, తెగినపుడు కొసలు మార్చుకొనిన చాలును. బురదకై వెదురుబద్ద నొకదానిని చేర్చుకొనుడు. నల్లరేగడిని మడ్‌గార్డు క్రిందనుండి గీకుటకు దీనిని మించిన పరికరమును నేను చూడలేదు. వెల యేమియు లేదు.

నీటిలో బండి మునిగి ఆగినయెడల నొక హెచ్చరిక. వెంటనే స్టార్టు చేయబూనకుడు. గాలితోపాటు నీరు సిలిండరులోనికి పోయినచో, నీరు గాలివలె నణగదు గనుక లోపలి కడ్డీ వంగును. ప్లగ్గు విప్పి, ఇంజనును త్రిప్పి, నీటిని బయటికి కొట్టించి, ఆయిలును చూడవలెను. ఆయిలు పాలు కలిసినట్లు తెల్లనైనచో బండిని త్రోసికొనిపోవుటయే వివేకము. ఇందులకు వలసినది ప్లగ్గుపానా యొక్కటియే.

ఇక విడిచిపెట్టవలసినవి. దారిలో మనము చేయజాలని పనికి పనిముట్టెందులకు? ఇంజను లోపలిభాగములు, గేర్లు, ఇంధనమును చిమ్ము ఎలక్ట్రానికు యంత్రములు గట్టుమీద బాగుపడునవి గావు. వానికి విజయవాడ ఆటోనగరులో నిపుణులు గలరు. సుత్తికి బదులు రాయి దొరకును. నలుగురు కలిసి పోవునపుడు నలుగురును పంపులు మోయనక్కరలేదు; ఒకరు పంపు, ఒకరు ట్యూబు, ఒకరు పానాలు పంచుకొనవలెను. అయినను ఎవరి ఇరుసుపానా వారియొద్దనే యుండవలెను. నా సంచి యిప్పుడు రెండున్నర కిలోలు తూగుచున్నది. ఆరు కిలోలనాటికన్న నేడు ధైర్యమెక్కువ.

సంచిని ఎచ్చట కట్టవలెనన్నదియు సామాన్యము గాదు. వీపున తగిలించుకొనరాదు, పడినచో పానా మొన వెన్నెముకకు తగులును. బండిపై వీలైనంత క్రిందుగను, నడిమికి దగ్గరగను కట్టవలెను. పనిముట్లను పాతగుడ్డలో చుట్టినచో గలగలలాడవు, ఒరిసికొనవు. ఆ గుడ్డయే విప్పిన నట్టులను పరచుటకు పనికివచ్చును. తీరమునకు పోయి వచ్చిన దినమున మంచినీటితో బండి కడిగి, చెయినుకు నూనెవేసి, పానాలను తుడిచి పెట్టవలెను. ఉప్పు ఇనుమునకు చెదవంటిది.

అన్నిటికన్న ముఖ్యమైన పనిముట్టు సంచిలో నుండదు; అది అభ్యాసము. ఇంటి పెరటిలో నొక ఆదివారము, సంచిలోని వస్తువులతో మాత్రమే, వెనుకచక్రమును విప్పి ట్యూబు మార్చి మరల బిగింపుడు. ఏది తక్కువైనదో అప్పుడే తెలియును. 1913లో ఇంగ్లండునందు కార్లైలు పట్టణమున నారంభమైన ఆరుదినముల మోటారు సైకిలు పరీక్షలో, తన బండిని తానే బాగుచేసికొనుట పోటీదారుని ధర్మముగా నేర్పరచిరి. వేగమొక్కటియే గొప్ప గాదనియు, తన వాహనమును తానెరిగియుండుట సవారికి సగము విద్య యనియు దాని భావము. మన దేశమునుండి సి. ఎస్. సంతోష్ 2015లో డకార్ పోటీని పూర్తిచేసిన మొదటి భారతీయుడయ్యెను. అట్టి దూరపు ఎడారులమాట యటుంచినను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలు మునిగినప్పుడు, నిన్నటి రాజమార్గమే నేటి దారిలేని దారి కాగలదని మనమందరమును కన్నులార చూచితిమి.

విద్యార్థులకొక మాట. 1988నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము గేర్లున్న మోటారు సైకిలు నడుపుటకు పదునెనిమిదేండ్లు నిండవలెను. 2019లో సవరించిన చట్టము, పిల్లలకు బండి యిచ్చిన తల్లిదండ్రులను ఇరువదియైదువేల రూపాయల జరిమానాకును మూడేండ్లవరకు శిక్షకును పాత్రులను చేసినది. కావున తొందరపడకుడు. మీ సైకిలుకును ఇరుసున్నది, చెయినున్నది, ట్యూబున్నది. నేడు దానికొక చిన్న సంచిని సిద్ధపరచుకొని, మీ పంక్చరును మీరే అతుకుకొన నేర్చుకొనుడు. తల్లిదండ్రులారా, పిల్లలు చేతులకు నూనె పూసికొన్నారని కోపపడకుడు; ఆ మరక సబ్బుతో పోవును, ఆ నేర్పు పోదు.

సంచిలో నీళ్లసీసాను, గాయములకు కట్టుగుడ్డను, మీరు పోవు త్రోవను ఇంటిలో చెప్పిన మాటను మరువకుడు. ఎంత మోసితిమన్నది ప్రశ్న గాదు. అవసరమైన గడియలో చేతికందినది సరిపోయినదా లేదా యన్నదే ప్రశ్న. గుమ్మములో మనకై యెదురుచూచువారికి సకాలమున చేరుటకన్న ప్రయాణమునకు వేరు ఫలమేమున్నది?