దారి చూపే కుక్కకు కొట్టులో చోటుందా?

అంతర్వేది: భీష్మ ఏకాదశి తీర్థానికి గోదావరికి రెండు వైపుల నుంచీ జనం వచ్చిపడతారు. జీళ్లు, ఖర్జూరం, గాజుల కొట్లు కిటకిటలాడతాయి. ఆ రద్దీలో చూపులేనివారు తెల్లకర్రతోనో, ఎవరి భుజమో పట్టుకునో నడవవలసిందే. తర్ఫీదు పొందిన కుక్క తోడుంటే ఒంటరిగానే రాగలరు. కోనసీమలో అలాంటి కుక్కలు అరుదు. వస్తే మాత్రం కొట్టు గుమ్మం ఎక్కనిస్తారా?

అమెరికాలో 1990 నాటి చట్టం కింద వికలాంగుని కోసం పని నేర్చిన కుక్కను దుకాణదారు అడ్డగించరాదు. వైకల్యం వల్ల అది అవసరమా, ఏ పని నేర్చింది అని మాత్రం అడగవచ్చు. అదుపు తప్పితే బయటకు పంపవచ్చు. కేవలం మనసుకు ఊరట కోసం వెంట తెచ్చుకున్న జంతువుకు ఈ హక్కు లేదు.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వివక్ష కూడదంది. కుక్క వెంట ఉందని మనిషిని గుమ్మం దగ్గరే ఆపేస్తే అది వివక్ష కాదా?

తినుబండారాల్లో వెంట్రుకలు పడతాయని, కరుస్తుందని వర్తకుల భయం. అది కొట్టిపారేయలేనిదే. అయితే వీధికుక్కలు పిలవకుండానే బల్ల కింద దూరి పడుకుంటున్నాయి! యజమాని కాలి పక్కన కదలకుండా కూర్చునే కుక్కను గెంటడం న్యాయం కాదు. వంటగదిలోకి వద్దు గాని, గల్లా పెట్టె దాకా రానివ్వాలి. ముద్దుకు పెంచుకునేదాన్ని బయట కట్టమనడంలో తప్పులేదు. తీర్థానికి ముందే పంచాయతీవారు ఈ సంగతి వర్తకులకు చెప్పి ఉంచితే మంచిది.