పైకి కనిపించని పొదుగువాపు: నెలకొక పరీక్ష

సంఘాల తనిఖీకి వెళ్ళినపుడు నా వద్దకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదులు పాల పరీక్ష గురించే. కొన్నేళ్ళ క్రితం ఒక సభ్యురాలు, "అయ్యా, గేదెకు మేత మార్చలేదు, చుక్క నీరు కలపలేదు. అయినా నా పాలకు ఎస్.ఎన్.ఎఫ్. తగ్గించి రాస్తున్నారు" అని కార్యదర్శి మీద ఫిర్యాదు చేసింది. పరికరం సరిచూశాను, తేడా లేదు. కార్యదర్శి తప్పూ లేదు, ఆమె తప్పూ లేదు. మరునాడు పశువైద్య సహాయకుడు వచ్చి నాలుగు చన్నుల పాలు విడివిడిగా పరీక్షించగా, ఒక చన్ను పాలు జిగురుగా చిక్కబడ్డాయి. అప్పటికే ఆలస్యమైంది. చికిత్స చేయించినా ఆ చన్ను ఎండిపోయింది.

పొదుగువాపు అనగానే మనకు తోచేది వాచి ఎర్రబడిన పొదుగు, పాలలో విరుగుడు ముక్కలు, నెత్తుటి చారలు. అది బయటపడిన రోగం. అంతకంటే ఎక్కువ పశువులలో ఉండేది లోలోపలి రోగం. సూక్ష్మక్రిములు చన్ను రంధ్రం గుండా పోయి, పాలు తయారయ్యే భాగాన్ని దెబ్బతీస్తాయి. పశువు మామూలుగానే మేస్తుంది, నెమరు వేస్తుంది. పాలు కూడా చూపునకు బాగానే ఉంటాయి. కాని దిగుబడి తగ్గుతుంది, పాలలోని చక్కెర తగ్గి ఎస్.ఎన్.ఎఫ్. పడిపోతుంది. పాలబిల్లులో ఆ తేడా చూసి మనం కార్యదర్శిని అనుమానిస్తాము!

క్రిములతో పోరాడటానికి శరీరం తెల్లకణాలను పొదుగులోకి పంపుతుంది. సబ్బు నీరు ఆ కణాలను పగులగొట్టి పాలను జిగురుగా చేస్తుంది. 1957లో అమెరికాలోని కాలిఫోర్నియాలో రూపొందిన సి.ఎం.టి. పరీక్షకు మూలం ఇదే. ఇంటి వద్ద కూడా చేయవచ్చును. 100 మి.లీ. నీటిలో 3 గ్రాముల బట్టల సబ్బు పొడి కరిగించండి. పొదుగు కడిగి తుడిచి, మొదటి రెండు ధారలు వేరే పాత్రలో వదలండి. నేల మీద వదిలితే క్రిములు పాకలోనే ఉంటాయి. నాలుగు చిన్న గిన్నెలలో ఒక్కొక్క చన్ను పాలు కొద్దిగా పట్టి, అంతే కొలత సబ్బు నీరు పోసి, అర నిమిషం గుండ్రంగా తిప్పండి. పలుచగా ఉంటే మంచిదే. కోడిగుడ్డు సొనలా సాగితే ఆ రోజే పశువైద్యునికి చూపించవలెను. ఈనిన తొలి రోజులలోను, వట్టిపోయే ముందు రోజులలోను పాలు రోగం లేకున్నా చిక్కబడవచ్చును. పరీక్షించిన పాలు పారబోయండి.

రోగమున్న పశువును అన్నిటికంటే చివర పితకవలెను, ఎందుకంటే రోగాన్ని మోసేది పితికే చేయే. పాలు తీసిన తరువాత చన్ను రంధ్రం కొంతసేపు తెరచియే ఉంటుంది కనుక, మేత వేసి అరగంట పడుకోకుండా చూడండి.

ఇక మందు ఎక్కించిన పాల సంగతి. వైద్యుడు చెప్పినన్ని రోజులు ఆ పాలు సంఘానికి పోయరాదు. ఈ మాట అంటే కొందరు ముఖం చాటు చేస్తారు, ఆ పాల డబ్బు పోతుందన్న బాధ నాకు తెలియనిది కాదు. కాని మరిగించినా ఆ మందు పూర్తిగా పోదు, తోడు వేస్తే పెరుగు సరిగా తోడుకోదు.

పైన చెప్పిన సభ్యురాలు ఇప్పుడు పాలబిల్లు అందుకున్న మరునాటి ఉదయం తన గేదెలన్నిటినీ పరీక్షించుకుంటున్నది. కిందటిసారి వెళ్ళినపుడు ఒక పడ్డకు తొలిదశలోనే పట్టుకున్నానని చెప్పి, దాని నాలుగు చన్నులూ నాకు చూపించింది.