పడకల లెక్క

మహమ్మారి ప్రబలినప్పుడు ప్రజలు ఆత్రుతతో వెదకేది ఆసుపత్రులలోని ఖాళీ పడకల సంఖ్యను. 2021 ఏప్రిల్, మే నెలలలో కరోనా రెండవసారి విజృంభించినప్పుడు తెలుగునాట ఇది అందరికీ అనుభవమైంది. గాజువాకలోని ఒక ఇంట రోగికి ఊపిరి అందడం లేదనుకుందాం. ఒక ఆసుపత్రిలో '20 పడకలు ఖాళీ' అని విని బంధువులు బయలుదేరుతారు. ఆ 20లో ప్రాణవాయువు అందే పడకలెన్ని? ఈ ప్రశ్న వేయకుంటే ప్రయాణం వృథా కావచ్చు. ప్రాణానికే ముప్పు రావచ్చు.

పడకలన్నీ ఒకే తీరువి కావు. సాధారణమైనవి, ఆక్సిజన్ ఉన్నవి, ఐ.సి.యు.లోనివి అని వాటిని విడివిడిగా లెక్కించాలి. వెంటిలేటరు ఉన్నప్పటికీ, దానిని నడపగల వైద్యులు, రేయింబవళ్ళు కనిపెట్టి ఉండే నర్సులు లేకపోతే అది నిరుపయోగమే.

అంతేకాక, ఏ సంఖ్య అయినా ఆ ఒక్క గడియకు చెందినదే. చెరువులో నీటిమట్టం చూసినంత మాత్రాన చాలదు. వచ్చే వాగునూ, పోయే తూమునూ చూడాలి. 20 పడకలు ఖాళీగా ఉన్న ఆసుపత్రిలో రోజుకు 10 మంది చేరి, 6 మంది ఇంటికి వెళుతున్నారనుకుందాం. రోజుకు 4 పడకల చొప్పున 5 రోజులలో ఖాళీలు పూర్తిగా నిండిపోతాయి. రోగులు ఎక్కువ రోజులు ఉండవలసి వచ్చినా ఇంతే. రోజుకు 10 మంది చేరి, ఒక్కొక్కరు 10 రోజులు ఉంటే 100 పడకలు కావాలి; 12 రోజులు ఉంటే 120 కావాలి. చేరేవారి సంఖ్య పెరగకపోయినా కొరత ఏర్పడుతుంది.

పడకతోపాటు ప్రాణవాయువూ నిరంతరం అందాలి. గాజువాక చెంతనున్న విశాఖ ఉక్కు కర్మాగారంలో ఉక్కు తయారీకై ఉత్పత్తి చేసే ఆక్సిజన్ ఆనాడు రోగులకు ఊపిరి అయింది. 2021 ఏప్రిల్ 22న ద్రవరూప ఆక్సిజన్ నింపిన 7 ట్యాంకర్లతో దేశంలోని తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడినుండే మహారాష్ట్రకు బయలుదేరింది. కాని ఉత్పత్తి అయినంత మాత్రాన చాలదు. అది సకాలంలో చేరాలి. అదే సంవత్సరం మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగి, అధికారిక లెక్క ప్రకారం 11 మంది మరణించారు. వారు పడక దొరకనివారు కారు. పడకపై చికిత్స పొందుతున్నవారు.

కనుక పడకల సంఖ్య కనిపించినప్పుడు అవి ఏ రకానివి, ఏ సమయానికి చెందినవి, రోజుకు ఎందరు చేరుతున్నారు, ఎందరు వెళుతున్నారు, సిబ్బందీ ప్రాణవాయువూ ఉన్నాయా అని విచారించాలి. ఆ వివేకం పాలకులకు ఎంత అవసరమో, రోగిని వెంటబెట్టుకొని బయలుదేరే సామాన్యునికీ అంతే అవసరం.